పద్యం ఎట్లా పట్టుబడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మా మిద్దె మీద ఆదివారం పొద్దున ఏడు గంటలకు చిన్న పద్యాల తరగతి నడుస్తుంది. ఎండ ఎక్కేలోగా ముగించాలి కాబట్టే ఏడింటికి. పదో తరగతి పిల్లల నుంచి రిటైరైన బ్యాంకు మేనేజరు దాకా వస్తారు. డీఎస్సీకి చదివే అమ్మాయిలు ఇద్దరు, బైక్ మెకానిక్ ఒకాయన కూడా ఉన్నారు. ఎవరొచ్చినా మొదటి మూడు నాలుగు వారాలు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి గొంతు పోగొట్టుకోవడం కంటే రాసి పెట్టడం మేలనిపించింది.

పద్యం రాయాలంటే సంస్కృతం రావాలా?

అక్కర్లేదు. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన ఏ భాషలో చెప్పాడో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉప్పు, కప్పురం, కుక్క, చెప్పు, మేడిపండు: ఇంట్లోవీ, వీధిలోవీ. ఉత్పలమాల లాంటి పెద్ద వృత్తాల దగ్గరికి వచ్చేసరికి సంస్కృత సమాసాలు చేతికి అందితే పని సులువవుతుంది, అది నిజమే. అది రెండో ఏడాది సంగతి.

గురువు, లఘువు గుర్తుపట్టడం ఎలా? ఎప్పుడూ తప్పు పోతోంది.

పలకడానికి రెప్పపాటు పట్టేది లఘువు, దానికి రెట్టింపు పట్టేది గురువు. పుస్తకాల్లో లఘువుకు నిలువు గీత, గురువుకు గిన్నె లాంటి గుర్తు వేస్తారు. ఇక్కడ నేను ల, గ అని రాస్తాను.

దీర్ఘాలు, ఐ, ఔ ఉన్నవి, సున్న ఉన్నవి, విసర్గ ఉన్నవి, పొల్లు హల్లు తగిలినవి గురువులు. ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్నది కూడా గురువే. తప్పులన్నీ దాదాపు ఈ చివరి దాని దగ్గరే. ‘అమ్మ’లో బరువు ‘అ’ మీద పడుతుంది, ‘మ్మ’ మీద కాదు. కాబట్టి అది గ, ల. పిల్లలు ఒత్తు కనబడగానే దానికే గురువు గుర్తు వేసేస్తారు. కళ్లతో చూడకుండా నోటితో పలికితే ఈ తప్పు రాదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. ‘సుకృతం’లో ‘సు’ లఘువే, ఎందుకంటే ‘కృ’ ఒత్తక్షరం కాదు, అందులో ఉన్నది అచ్చు. ‘ధర పెరిగె ప్రజలకు’ అన్నప్పుడు ‘గె’ లఘువుగానే ఉంటుంది. తెలుగు మాట అక్కడ ఆగిపోయింది, తర్వాతి మాటలోని ఒత్తు వెనక్కి వచ్చి దాన్ని బరువెక్కించదు. ‘రామప్రసాదు’ ఒకే సమాసం కాబట్టి అక్కడ ‘మ’ గురువవుతుంది.

గణాలన్నీ బట్టీ పట్టాలా?

గణం అంటే గురు లఘువుల చిన్న గుంపు. ‘యమాతారాజభానసలగం’ ఒక్కటి వస్తే చాలు. ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకోండి. యగణం కావాలా? ‘యమాతా’: ల గ గ. భగణం కావాలా? ‘భానస’: గ ల ల. వేళ్ల మీద తేలిపోతుంది.

మన దేశి పద్యాలకు వీటిలో అన్నీ అక్కర్లేదు కూడా. సూర్యగణాలు రెండే: న (లలల), హ (గల). ఇంద్రగణాలు ఆరు: భ (గలల), ర (గలగ), త (గగల), నల (లలలల), నగ (లలలగ), సల (లలగల). సూర్యుడు చిన్న అడుగు, ఇంద్రుడు పెద్ద అడుగు అనుకోండి. ఈ ఎనిమిది పట్టుబడితే ఆటవెలది, తేటగీతి, సీసం, ద్విపద నాలుగూ మీవే.

మొదట ఏ పద్యంతో మొదలుపెట్టాలి?

ఆటవెలదితో. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి, పాదం మొదటి అక్షరానికి యతి కుదరాలి. ప్రాస నియమం లేదు. (యతి, ప్రాస అంటే ఏమిటో తర్వాతి ప్రశ్నలో చెప్తాను.)

చెవికి ఇది ముందే తెలుసు. ‘విశ్వదాభిరామ వినుర వేమ’ పలకండి. విశ్వ (గల), దాభి (గల), రామ (గల), వినుర (లలల), వేమ (గల). అయిదు సూర్యగణాలు. మొదటి ‘వి’కి నాలుగో గణంలోని ‘వి’తో యతి. చిన్నప్పటి నుంచి మీరు అంటున్నది అచ్చమైన ఆటవెలది సరి పాదం. ఆడపిల్లలు చేతులు చరుస్తూ పాడే ‘చెమ్మచెక్క చారడేసి మొగ్గ’ కూడా చూడండి: చెమ్మ, చెక్క, చార, డేసి, మొగ్గ. అయిదూ గలలే. యతి మాత్రం లేదు, చప్పట్లే యతి.

ఒకసారి బస్టాండులో ఎవరో ‘ఎర్రగుంట్ల బస్సు ఎప్పుడొస్తుందన్న?’ అని అడుగుతుంటే విని అక్కడే నిలబడిపోయాను. ఎర్ర, గుంట్ల, బస్సు: మూడు సూర్యగణాలు. ఎప్పుడొ (గలగ), స్తుందన్న (గగల): రెండు ఇంద్రగణాలు. మొదటి ‘ఎ’కు నాలుగో గణం ‘ఎ’తో యతి. ఆటవెలది బేసి పాదం మొత్తంగా ఆయన నోట్లోంచి జారిపడింది. ‘ఉత్వసంధి నిత్యం, బస్సెప్పుడు అనాలి కదా’ అని వ్యాకరణం తెలిసినవారు పట్టుకుంటారు. పట్టుకోనీండి, ఆయనకు బస్సు కావాలి. నేను చెప్పేది ఒకటే, ఈ నడక పుస్తకంలోంచి మన నోట్లోకి రాలేదు, మన నోట్లోంచే పుస్తకంలోకి ఎక్కింది. అందుకే చెవి ముందు, గుర్తులు తర్వాత.

యతికీ ప్రాసకీ తేడా ఏమిటి?

పాదం మొదటి అక్షరంతో, అదే పాదంలో చెప్పిన చోట ఉండే అక్షరం స్నేహం చేయడం యతి. అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావడం ప్రాస. సినిమా పాటల పుణ్యమా అని చాలామంది పాదం చివర కలిసేదాన్ని ప్రాస అంటారు. అది అంత్యప్రాస, వేరు సరుకు.

యతికి హల్లూ కలవాలి, దాని మీది అచ్చూ కలవాలి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. హల్లుల్లో క ఖ గ ఘ ఒకటి, చ ఛ జ ఝ శ ష స ఒకటి, త థ ద ధ ఒకటి, ప ఫ బ భ వ ఒకటి. ఇంకా ఉన్నాయి గానీ వీటితో ఆరు నెలలు గడుస్తుంది. ‘పె’కు ‘వే’తో కుదురుతుంది, ‘పా’తో కుదరదు.

ఆటవెలదిలో, తేటగీతిలో యతి కుదరకపోతే ప్రాసయతి వేసుకోవచ్చు. ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ తీసుకోండి. చూ, జా అచ్చులు కలవవు. కానీ చూడ, జాడ: రెండిట్లో రెండో అక్షరం ‘డ’, దాని ముందున్నవి రెండూ గురువులే. అది చాలు. ఇది తెలియక ‘వేమన యతి తప్పాడు సార్’ అని మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా చెయ్యి ఎత్తుతారు.

ఒక పద్యం మొదటి నుంచి చివరి దాకా ఎట్లా రాస్తారో చూపిస్తారా?

కిందటి వేసవిలో పెన్న ఇసుకలో చెలమ తవ్వుకునేవాళ్ల మీద ఆటవెలది రాద్దామని తరగతిలో అందరం కూర్చున్నాం. బయటివారికోసం చెప్తున్నా: ఎండిన ఏట్లో ఇసుక తోడి నీళ్లు ఊరేదాకా కాచుకునే చిన్న గుంతే చెలమ.

మొదట ఒకరు ‘పెన్నేరు ఎండిపోయింది’ అన్నారు. ‘పెన్నేరు’ గగల, తగణం, ఇంద్రగణం. మొదటి చోట సూర్యగణం కావాలి, కాబట్టి కూర్చోదు. ‘పెన్న’ అంటే గల, కూర్చుంది. ‘పెన్న యెండిపోయె’తో మూడు గణాలు అయ్యాయి. నాలుగోది ప, బ, వ లాంటి హల్లుతో, ఇ లేదా ఎ జట్టు అచ్చుతో మొదలవ్వాలి. వెతకనక్కర్లేకుండానే ‘వేసవి’ దొరికింది. ‘వేసవి వేడికి’: రెండు భగణాలు. మొదటి పాదం అయింది.

రెండో పాదానికి బ్యాంకు మేనేజరు గారు ‘చెలమ తవ్వుకుంటె దొరికె నీళ్లు’ అన్నారు. గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. యతి లేదు: చె, దొ ఎక్కడా కలవవు. చె, జె, సె, చీ, జే అని అందరూ గొణుక్కుంటూ కూర్చున్నారు. వెనక నుంచి మెకానిక్ ‘చెంబు’ అన్నాడు. ‘చెలమ తవ్వుకొన్న చెంబు నీళ్లు.’ చూశారా? ‘దొరికె’ అన్నప్పుడు నీళ్లు దొరికాయన్న సమాచారం మాత్రమే ఉంది. ‘చెంబు’ రాగానే ఎన్ని దొరికాయో తెలిసింది. పొద్దున్నుంచి తవ్వితే ఒక చెంబు. ఆ మాటను మా ఎవరి తెలివీ తేలేదు, యతి తెచ్చింది. నియమం కవి చేతులు కట్టేస్తుందని అనేవాళ్లకు నేను ఈ చెంబునే చూపిస్తాను.

మూడో పాదం: ‘కడవ చంక బెట్టి కాచుకున్నది యమ్మ’. కడవ (లలల), చంక (గల), బెట్టి (గల), కాచుకు (గలగ), న్నదియమ్మ (లలగల). ‘మాట మధ్యలో గణం తెగింది కదా, తప్పు కాదా?’ అని ఒక అమ్మాయి అడిగింది. తప్పు కాదు. గణం తెగినచోట మాట తెగనక్కర్లేదు. నిజానికి రెండూ ప్రతిసారీ ఒకేచోట తెగితే పద్యం రోటి పాటలా టకటకమంటుంది.

నాలుగో పాదం మొదట ‘ఇసుక లారి పోయె నేటి మీద’ అని రాశాం. పోయెన్ + ఏటి మీద. ఇ, ఏ యతి కుదిరింది. కానీ పైకి చదివితే ‘నేటి’ అని వినిపించి, ‘ఇవాళ్టి మీద లారీ ఏంటి?’ అని పిల్లలు నవ్వారు. లెక్క కుదిరినా చెవి ఒప్పుకోలేదు. మార్చేశాం. చివరికి మిగిలింది ఇది:

పెన్న యెండిపోయె వేసవి వేడికి
చెలమ తవ్వుకొన్న చెంబు నీళ్లు
కడవ చంక బెట్టి కాచుకున్నది యమ్మ
ఇసుక లారి పోయె నెదుటనుండి

గంటన్నర పట్టింది. గొప్ప పద్యమని అనను. మొదటి పాదం చప్పగా ఉంది, ‘వేసవి వేడి’ ఎవరైనా అనేదే. ‘కాచుకున్నది’ పక్కన ‘యమ్మ’ కొంచెం పాతవాసన. కానీ లారీ పాదం దగ్గర అందరూ ఒక్క నిమిషం ఊరుకున్నారు.

కందం అంటే ఎందుకంత భయం?

‘కందం రాసినవాడే కవి, పందిని చంపినవాడే బంటు’ అని సామెతే ఉంది కదా. గణాలు అయిదే: గగ, భ, జ, స, నల. అన్నీ నాలుగు మాత్రలవి (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు). ఒకటి, మూడు పాదాల్లో మూడేసి, రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి. ఇక్కడిదాకా పిల్లలాట. తర్వాత షరతులు మొదలవుతాయి. ఒకటి, రెండు పాదాలు కలిపి ఎనిమిది గణాలు, మూడు, నాలుగు పాదాలు కలిపి ఎనిమిది అని వరసగా లెక్కపెట్టండి. ఆ లెక్కలో బేసి చోట్ల జగణం రాకూడదు. ఆరో గణం జగణమో నలమో అయితీరాలి. రెండు, నాలుగు పాదాల చివర గురువు ఉండాలి. ఆ పాదాల్లోనే, పాదంలోని నాలుగో గణానికి యతి. ప్రాస తప్పనిసరి. మొదటి పాదం లఘువుతో మొదలైతే అన్నీ లఘువుతోనే.

నా పరువు పోయిన కథ ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక ఉగాది కవిసమ్మేళనంలో కొత్త పంచె కట్టుకుని మైకు ముందు నిలబడి కందం ఎత్తుకున్నాను. మొదటి మాట ‘ఉగాది’. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తి ‘నాయనా, అక్కడే ఆగు’ అన్నారు. ఉ గా ది: ల గ ల. జగణం. మొదటి గణమే బేసి, అక్కడ జగణం నిషిద్ధం. పండగ పేరే పండగ పద్యం మొదట్లో పట్టదన్నమాట! ‘యుగాది’ అన్నా అదే లెక్క. సభంతా నవ్వు. పులిహోర తినకుండా ఇంటికి వచ్చేశాను. తర్వాత ఆలోచిస్తే మందు చాలా చిన్నది. ‘తెలుగుల యుగాది’ అని ఎత్తుకుంటే మొదటిది నలం, జగణం రెండో చోటికి జరుగుతుంది, అక్కడ దానికి అడ్డు లేదు. మాట మార్చక్కర్లేదు, చోటు మారిస్తే చాలు. కందంలో సగం పని ఇదే.

ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం గుర్తు పెట్టుకోవడం ఎలా?

పరీక్షకోసం అడుగుతున్నారని తెలుసు. ఉత్పలమాల: భ ర న భ భ ర వ (వ అంటే లగ), యతి 10వ అక్షరం. చంపకమాల: న జ భ జ జ జ ర, యతి 11. శార్దూలం: మ స జ స త త గ, యతి 13. మత్తేభం: స భ ర న మ య వ, యతి 14. నాలుగింటికీ ప్రాస ఉంటుంది.

నాలుగూ వేరువేరు అనుకోకండి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా పగలగొడితే చంపకమాల వస్తుంది. శార్దూలం మొదటి గురువును అట్లాగే పగలగొడితే మత్తేభం. అందుకే అక్షరాలు 20 నుంచి 21కి, 19 నుంచి 20కి పెరిగాయి, యతిస్థానం కూడా ఒక్కటి జరిగింది. కాగితం మీద ఒకసారి వేసి చూసుకోండి, మళ్లీ మర్చిపోరు.

పాట పద్యం కాదా? అన్నమయ్యది ఏ ఛందస్సు?

తాళ్లపాక మనకు రాజంపేట పక్కనే కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలకు పల్లవి, చరణాలు ఉంటాయి, నడక మాత్రల లెక్కలో సాగుతుంది. యతి ప్రాసలను మాత్రం వదల్లేదు. ఏ సంకీర్తనైనా తీసుకుని చరణాల్లో రెండో అక్షరాల కింద గీత గీయండి, కనబడుతుంది. పాటకు కూడా లక్షణం రాయాలనుకున్నవాడు ఆయన. సంస్కృతంలో సంకీర్తన లక్షణం చెప్పాడు, మనవడు చినతిరుమలాచార్యుడు దాన్ని తెలుగులో పెట్టాడు.

ఆ ఇంట్లోనే ద్విపద కూడా ఉంది. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది మంజరీ ద్విపదలో. ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణానికి యతి. రెండు పాదాలకూ ప్రాస. ప్రాస తీసేస్తే మంజరి. కథ చెప్పాలనుకునేవారికి ఇంతకంటే హాయైన బండి లేదు.

అలంకారాలు అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. ఎట్లా విడదీయాలి?

ఒకే వస్తువును పట్టుకుని అన్ని అలంకారాలూ దానికే తొడిగి చూడండి. మేము మా మిద్దె మీద పరిచిన కడప బండను పట్టుకుంటాం.

‘మే నెలలో ఈ బండ పెనంలా కాలుతోంది.’ ఇది ఉపమ. బండ ఉపమేయం, పెనం ఉపమానం, ‘లా’ ఉపమావాచకం, కాలడం సమానధర్మం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ.

‘ఈ బండ ఇప్పుడే పొయ్యి మీంచి దించిన పెనమేమో!’ ఊహ వచ్చింది, ‘ఏమో’ వచ్చింది. ఉత్ప్రేక్ష.

‘ఈ బండే పెనం.’ పోలిక పోయింది, రెండూ ఒకటైపోయాయి. రూపకం.

‘బండ మీద వడియాలు పెట్టి వెనక్కి తిరిగేలోగా వేగిపోయాయి.’ అతిశయోక్తి. మా ఆవిడైతే ఇది అతిశయోక్తి కాదంటుంది.

‘పిల్లాడు చెప్పులు మర్చిపోయి బండ మీదికొచ్చి, ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకోటి ఎత్తి, చివరికి బకెట్ నీళ్లు పోసిన తడి చోటికి గెంతాడు.’ ఉన్నది ఉన్నట్టు. స్వభావోక్తి. నన్నడిగితే అయిదింటిలో ఇదే రాయడం కష్టం. పోలిక తెచ్చుకోవడానికి తెలివి చాలు, దీనికి ఓపికగా చూడడం కావాలి. పైన చెలమ పద్యంలో ఉన్నదంతా స్వభావోక్తే.

శబ్దాలంకారాలు?

ఒకే హల్లు మళ్లీమళ్లీ వస్తే వృత్త్యనుప్రాస: ‘కాలిన కొండల కింద కంకర’. పాదాల చివర కలిస్తే అంత్యానుప్రాస. అదే మాట, అదే అర్థం, తాత్పర్యం మాత్రం మారితే లాటానుప్రాస: ‘సీమలో కురిసిన వాన వాన’. మొదటి వాన మబ్బులోది, రెండోది మనం బతికే వాన. యమకం, ఛేకం, ముక్తపదగ్రస్తం మీ పాఠ్యపుస్తకంలోనే బాగున్నాయి, అక్కడ చూడండి.

పద్యాన్ని విశ్లేషించమంటే ఏం రాయాలి? ‘ఇందులో ఫలానా అలంకారం ఉంది’ అంటే సరిపోతుందా?

మార్కులకు సరిపోవచ్చు. విశ్లేషణ అక్కడ మొదలవుతుంది, అక్కడ ముగియదు. పేరు పెట్టాక ‘అయితే ఏంటి?’ అని మిమ్మల్ని మీరే అడగాలి.

‘ఉప్పు కప్పురంబు’ పద్యమే చూద్దాం. ఉప్పూ కర్పూరమూ చూపుకు ఒకటే, రుచి వేరు. మనుషుల్లో పుణ్యపురుషులూ అంతే. భావం ఇంత వరకు అందరూ రాస్తారు. ఇప్పుడు మాటల దగ్గరికి రండి. రెండో పాదంలో ‘చూడ చూడ’ అని రెండుసార్లు ఎందుకన్నాడు? ఒకసారి చూస్తే తేడా తెలియదు కాబట్టి. పాదమే మనచేత రెండోసారి చూపిస్తోంది. మూడో పాదం ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’. ‘పురుషులు’ రెండుసార్లు వచ్చింది. పక్కపక్కన పెడితే రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి, మధ్యలో ‘పుణ్య’ ఒక్కటి తేడా. అంటే ఉప్పు, కర్పూరం లాంటి జంటనే మాటలతో చేసి మన ముందు పెట్టాడు. యతి కూడా ఆ రెండు ‘పు’ల మధ్యే కట్టాడు. చెప్పిన విషయాన్ని చెప్పిన తీరే మళ్లీ చేసి చూపించడం అంటే ఇదీ. ఇంత చూశాక అలంకారం పేరు రాయండి, అప్పుడు దానికి బరువు ఉంటుంది.

పద్ధతి అడుగుతారు కాబట్టి: ముందు మూడుసార్లు పైకి చదవండి. మాటలు విడదీసి, మామూలు వాక్యంలా అన్వయం చేసుకోండి. ఏ మాట తీసేస్తే పద్యం కూలుతుందో వెతకండి. గణాలు ఆ తర్వాత.

మా సీమ యాసలో పద్యం రాయొచ్చా?

ఎందుకు రాయకూడదు? అయితే కొన్ని మాటలు మొండికేస్తాయి. ‘పోతాండావు’ గగగల. వరసగా మూడు గురువులు. ఆటవెలదిలో ఇది బేసి పాదం చివర మాత్రం ఒదుగుతుంది: ‘ఎండ నెత్తినుండ నెటకు పోతాండావు’. నెటకుపో (లలలగ), తాండావు (గగల). యతి ఎ, ఎ. లెక్క కుదిరింది గానీ ‘ఎటకు’ పాత పుస్తకాల మాట, ‘పోతాండావు’ మన వీధి మాట. ఒకే పాదంలో రెండూ ఒకదాన్నొకటి ఎగాదిగా చూసుకుంటున్నాయి. ‘యాడికి’ని ఇందులోకి దించగలిగినవారికి మా ఇంట్లో కారం దోశ.

వచన కవిత రాసేవారికి ఇదంతా అవసరమా?

తప్పనిసరి కాదు. కానీ పాదం ఎక్కడ విరవాలో తెలియక వాక్యాన్ని ముక్కలు చేసి కిందికి పేర్చే అలవాటు ఉంటే, ఒక ఆరు నెలలు ఆటవెలది రాస్తే పోతుంది. చిన్న రూపాలు ఇష్టమైతే నానీలు చూడండి. ఎన్.గోపి 1997లో మొదలుపెట్టిన ఈ రూపంలో నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. హైకూ జపాన్ నుంచి వచ్చింది, మూడు పాదాలు, 5–7–5. పొట్టివి కదా సులువని అనుకోకండి, దాచుకోవడానికి చోటే ఉండదు.

ఇంకో మాట. మన ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగులో మొదటి శాసనం అంటారు. అది వచనమే. పద్యం ఉన్న పండరంగని అద్దంకి శాసనం 848 నాటిది, అందులో ఉన్నది తరువోజ. కాబట్టి వచనం నిన్నమొన్నటిదని పద్యం రాసేవాళ్లు మీసం మెలేయనక్కర్లేదు.

అవధానం చూస్తే ఉపయోగం ఉంటుందా?

చూడడం కాదు, ఇంట్లో ఆడుకోండి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడుగుతారు. సమస్య ఇచ్చేవారు చివరి పాదం ఇస్తారు, పైకి అసంబద్ధంగా ఉంటుంది, దానికి అర్థం వచ్చేలా మిగతాది చెప్పాలి. నిషిద్ధాక్షరి అడిగేవారు ఒక్కో అక్షరం పడగానే తర్వాత రాకూడని అక్షరం చెప్తారు. దత్తపది అయితే నాలుగు మాటలు ఇస్తారు, వాటిని పద్యంలో దూర్చాలి. మాకు పనికొచ్చింది దత్తపదే. ‘బస్సు, పాసు, టీ, చిల్లర’ అని నాలుగు మాటలిచ్చి పెళ్లి మీద ఆటవెలది రాయమన్నాను. నవ్వి నవ్వి చచ్చాం, కానీ ఆ రోజు గణాలు లెక్కపెట్టనివాడు ఒక్కడూ లేడు.

ఏ పుస్తకాలు చదవాలి? కడపలో ఎక్కడ దొరుకుతాయి?

పాత లక్షణ గ్రంథాల్లో పెద్దది కాకునూరి అప్పకవి 17వ శతాబ్దంలో రాసిన అప్పకవీయం. దాన్ని ఇప్పుడే తెరవకండి, భయపడతారు. పాఠ్యపుస్తకం వెనక ఉన్న ఛందస్సు పేజీలు మొదటి ఏడాదికి చాలు. పక్కన వేమన శతకం, సుమతీ శతకం పెట్టుకోండి. మొదటిది ఆటవెలదులకు, రెండోది కందాలకు. బద్వేలు దగ్గర గోపవరం మనిషి మొల్ల రాసిన రామాయణం ఆ తర్వాత.

గ్రంథాలయం కావాలంటే ఎర్రముక్కపల్లెలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ తెలుగు ఛందస్సు నేర్చుకుని 1827లో దాని మీదే ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించాడు. వేమన పద్యాల సంపుటి 1829లో. ‘నాకు వయసైపోయింది సార్, ఇప్పుడేం వస్తుంది’ అనే బ్యాంకు మేనేజరు గారికి నేను బ్రౌన్ పేరు చెప్తాను. ఆయనకు తెలుగు అమ్మభాష కూడా కాదు.

గణాలు చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, అవి వాడొచ్చా?

రాయడం అయ్యాక సరిచూసుకోవడానికి వాడండి, పర్వాలేదు. ముందే వాడితే చెవి పని మానేస్తుంది. పైగా ‘ధర పెరిగె ప్రజలకు’ లాంటి చోట మాట ఎక్కడ ఆగిందో మీకు తెలిసినంతగా దానికి తెలియకపోవచ్చు.

ఎన్నాళ్లు పడుతుంది?

వారానికి రెండు ఆటవెలదులు రాస్తే మూడు నెలల్లో వేళ్లు మడవకుండా రాయగలరు. కందానికి ఇంకో ఏడాది. నాకు ఉగాది దెబ్బ తగిలాక ఏడాదిన్నర పట్టింది.

నేను రాసింది తెస్తే దిద్దుతారా?

తప్పకుండా. పెన్సిల్‌తో రాసి తీసుకురండి. యతి దగ్గర ఒక మాట మారిస్తే వెనక రెండు మారతాయి, పెన్ను అయితే కాగితం నల్లబడిపోతుంది. ప్రతి పాదం కింద గలలు మీరే వేసుకుని తేవాలి. ఫోన్లో చూపిస్తే చూడను, నాకు కళ్లజోడు నంబరు మారింది. బస్సులో వచ్చేవాళ్లు దారిలో నాలుగుసార్లు గొణుక్కోండి. పక్కసీటువాళ్లు చూస్తే చూడనీండి, ఎర్రగుంట్ల బస్సయితే మరీ మంచిది.